ఉసిరికాయ, ఉప్పు: స్పాంజినీ కొవాలానీ పోల్చొచ్చా?

తెలుగులో ఒకదానికొకటి బొత్తిగా పడని సామెతలు రెండున్నాయి. మొదటిది నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా అంటుంది. (నాకలోకమా నాగలోకమా అని కొట్టుకునేవాళ్లు కొట్టుకోవచ్చు, ఎటు తిరిగీ నక్కకి ప్రవేశం లేదు.) రెండోది అడవిలో ఉసిరికాయకీ సముద్రంలో ఉప్పుకీ సంబంధం కలిపి, జాడీలో పెట్టి మూత బిగిస్తుంది. పోల్చకూడనివి ఉన్నాయని ఒక సామెత, ఎంత దూరపువైనా కలుస్తాయని ఇంకొకటి. మన పుస్తక సమీక్షలు చదువుతుంటే ఈ రెండు సామెతల్నీ తప్పు చోట వాడుతున్నామేమో అనిపిస్తుంది. కలపాల్సిన చోట నక్క అంటాం. ఊరికే వదిలేయాల్సిన చోట ఊరగాయ పెడతాం.

ఈ అనుమానం తీర్చుకోడానికి ఒక మొండి పోలిక తీసుకున్నాను. సముద్రం అడుగున రాయికి అతుక్కుని బతికే స్పాంజి ఒకటి. చెట్టు కొమ్మ మీద నిద్రపోయే సంచి జంతువు కొవాలా ఒకటి. (కోలా అని రాస్తే కూల్‌డ్రింక్ అనుకుంటారని కొవాలా అంటున్నాను.) ఒకటి ఉప్పు వైపు ప్రాణి, ఇంకొకటి ఉసిరికాయ వైపు ప్రాణి. వీటిని పోల్చగలిగితే చాసోనీ రావిశాస్త్రినీ పోల్చడం పెద్ద కష్టం కాకూడదు. పోల్చలేకపోతే ఎందుకు పోల్చలేకపోయామో తెలుస్తుంది, అదీ లాభమే.

విశాఖలో ఉన్నవాడికి స్పాంజి దొరకడం పెద్ద పనేం కాదు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే చాలు. సముద్రం అడుగుని ఈడ్చుకుంటూ వచ్చిన ట్రాలర్ వలలో అన్నీ ఉంటాయి. వంజరం, చందువ, కానాగంత, రొయ్య, పీత, దేని తట్టలోకి అది వెళ్లిపోయాక జెట్టీ మీద ఒక కుప్ప మిగులుతుంది. అందులో గవ్వలు, పనికిరాని చిన్న చేపలు, మధ్యలో మట్టిరంగులోనో మాసిన నారింజరంగులోనో చిల్లులు చిల్లులుగా ఒక ముద్ద. నేను వంగి ఫోన్‌తో ఫొటో తీస్తుంటే పక్కన తట్ట సర్దుకుంటున్న ఆవిడ నవ్వింది. "అదేటి సేసుకుంటావు బాబూ, సెత్త." మనకి ఇంట్లో తెలిసిన స్పాంజి గిన్నెలు తోమే పచ్చముక్క, అది ప్లాస్టిక్. దానికి ముందు వీపు రుద్దుకున్నది బీరపీచు, అది కాయ. అసలు స్పాంజి మాత్రం జంతువు. ఇంటర్ జువాలజీలో స్పంజిక అని చదువుకున్నవాళ్లు కూడా ఈ ముద్దని చూసి జంతువు అని చప్పున అనలేరు.

అనలేకపోయింది మనమొక్కళ్లమే కాదు. అరిస్టాటిల్ దీన్ని మొక్కకీ జంతువుకీ నడుమ ఎక్కడో పెట్టి తటపటాయించాడు. ఆ తర్వాత చాలా శతాబ్దాలు ఇది మొక్కల పక్కనే ఉండిపోయింది. 1765లో జాన్ ఎల్లిస్ బతికున్న స్పాంజి నీటిని లోపలికి లాగి బయటికి పంపడం గమనించాడు. 1825 ప్రాంతంలో రాబర్ట్ గ్రాంట్ అనే ఎడిన్‌బరో డాక్టరు ఇంకా ఓపిగ్గా కూర్చుని చూశాడు. ఒంటి నిండా ఉన్న సన్నటి చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి వెళ్లి, పెద్ద చిల్లులోంచి బయటికి వస్తున్నాయి. ఇన్నాళ్లూ స్పాంజి కదలడం లేదనుకున్నారు. అది కదలకుండా సముద్రాన్ని కదుపుతోంది. నోరు, కడుపు, గుండె, నరాలు ఏవీ లేని ఈ జీవి రోజూ తన ఒంటి పరిమాణానికి కొన్ని వేల రెట్ల నీటిని తనలోంచి పంపిస్తుంది. ఆ ప్రవాహంలో కంటికి కనపడని బాక్టీరియాని పట్టుకుని తింటుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన విమర్శ భాష వైపు చూడాలి. ఉత్తరాంధ్ర రచయితల మీద వ్యాసం ఏది తీసినా ఈ వాక్యం ఏదో రూపంలో ఉంటుంది: ఫలానా ఆయన జనం భాషని స్పాంజిలా పీల్చుకున్నాడు. పీల్చుకుని ఉంచుకునేది చచ్చిన స్పాంజి. ఎండబెట్టి, కణాలన్నీ కుళ్లి కడిగేయగా మిగిలిన అస్థిపంజరం అది. బతికున్న స్పాంజి నీటిని దాచుకోదు. ఎంత లాగుతుందో అంత వదిలేస్తుంది, దారిలో తనకి కావాల్సిన కొంచెం తీసుకుంటుంది. రావిశాస్త్రి జనం భాషని పీల్చుకున్నాడని పొగిడేవాళ్లు తెలీకుండా ఆయన్ని స్నానాల గది వస్తువుని చేస్తున్నారు. బతికున్న స్పాంజి అంటే నేను ఒప్పుకుంటాను. వీధి, సారా దుకాణం, పోలీసు స్టేషను, కోర్టు, ఇవన్నీ ఆయన వాక్యాల్లోంచి ప్రవహించి వెళ్లాయి. 'ఆరు సారా కథలు' చదివాక ఆ మాటలు ఆయనవిగా అనిపించవు, మళ్లీ వీధివిగానే వినిపిస్తాయి. ఏదో మటుకు వడకట్టబడి ఆయన దగ్గర ఆగిపోయింది. అదేంటో చెప్పడమే విమర్శకుడి పని.

స్పాంజి గురించి ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. 1907లో హెచ్. వి. విల్సన్ అనే శాస్త్రవేత్త బతికున్న స్పాంజిని సన్నటి పట్టుగుడ్డలోంచి పిండాడు. కణాలన్నీ విడివిడిగా పొడిలా నీళ్లలో పడ్డాయి. కొంతసేపటికి అవి పాక్కుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుని, మళ్లీ ముద్దలు కట్టి, మళ్లీ స్పాంజులయ్యాయి. ఏ కణానికీ నాయకత్వం లేదు. మెయిన్ ఫంక్షన్ లేని ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో నా వృత్తిలో నాకు అర్థం కాదు, ఇది మాత్రం 60 కోట్ల ఏళ్లకి పైగా క్రాష్ కాకుండా నడుస్తోంది. 1950ల మొదట్లో వెర్నర్ బెర్గ్‌మన్ కరీబియన్ వైపు దొరికిన ఒక స్పాంజిలో వింతైన న్యూక్లియోసైడ్లు కనిపెట్టాడు. వాటి దారి పట్టుకుని వెళ్తే సైటరబిన్ వచ్చింది. లుకేమియా వార్డుల్లో ఈ రోజుకీ వాడుతున్న మందు అది. జెట్టీ మీద ఆవిడ సెత్త అన్న కుప్ప గురించే నేను మాట్లాడుతున్నాను.

కొవాలా సంగతి త్వరగా అయిపోతుంది, ఎందుకంటే అది రోజుకి దాదాపు 20 గంటలు నిద్రపోతుంది. దీనికీ తప్పు పోలికే తగిలింది. మన జీకే పుస్తకాల్లో కోలా ఎలుగుబంటి అని ఉండేది. 1816లో దీనికి పెట్టిన శాస్త్రీయ నామం ఫాస్కోలార్క్టస్‌కి అర్థమే సంచి ఎలుగుబంటి. ఎలుగుబంటికీ దీనికీ చుట్టరికం, ఎలుగుబంటికీ నాకూ ఉన్న చుట్టరికం కన్నా దూరం. గుండ్రటి మొహం, బొచ్చు, పొట్టి తోక చూసి యూరప్ నుంచి వచ్చినవాడు తనకి తెలిసిన జంతువు పేరు దీని మెడలో వేసి వెళ్లిపోయాడు. స్పాంజిని మొక్కతో పోల్చి తక్కువ చేశారు, కొవాలాని ఎలుగుబంటితో పోల్చి ముద్దు చేశారు. రెండు సందర్భాల్లోనూ ఎదురుగా ఉన్న ప్రాణిని చూడ్డం మానేశారు.

ఎలుగుబంటిని పక్కన పెట్టి చూస్తే కొవాలా పని ఒకటే, విషం తినడం. యూకలిప్టస్ ఆకు చాలా జంతువులకి అరగదు, పైగా విషపూరితం. పోషకాలు తక్కువ, పీచు ఎక్కువ. దాన్ని పులియబెట్టి అరిగించడానికి కొవాలాకి సుమారు 2 మీటర్ల పొడవు అంధనాళం ఉంటుంది. విషాన్ని విరిచే జన్యువుల కుటుంబం దీనిలో బాగా పెరిగిందని 2018లో దీని జన్యుపటం వేసినవాళ్లు చూపించారు. అంత నిద్ర కూడా అందుకే. దొరికే శక్తి తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ. ఈ ఆకు మనకి కొత్తది కాదు. మనం జామాయిల్ అని, నీలగిరి అని పిలిచే తోటల్లో చాలా భాగం యూకలిప్టస్ టెరెటికార్నిస్, దాని సంకరాలు. క్వీన్స్‌లాండ్‌లో కొవాలా ఇష్టంగా తినే చెట్లలో అదొకటి. కాయితం మిల్లు కోసం మనం పెంచుతున్న చెట్టు అక్కడ ఒకరి అన్నం. అక్కడ ఆ అన్నం తగ్గిపోతోంది. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతాల కొవాలాని ఆస్ట్రేలియా ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న జాబితాలోకి ఎక్కించింది.

మరి చెట్టు ఉన్నచోట జంతువెందుకు లేదు? హార్బర్‌లో నిలబడితే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. ఖోండలైట్ రాయి. తూర్పు కనుమల ఈ రాళ్లకి జోడీ రాళ్లు తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి. ఒకప్పుడు ఈ తీరం, ఆ తీరం అతుక్కుని ఉండేవి, ఆ అంటార్కిటికాకి అటుపక్క ఆస్ట్రేలియా. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం మనం విడిపోయి ఉత్తరానికి ప్రయాణం కట్టాం. సంచి జంతువులు దక్షిణ అమెరికా నుంచి అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా చేరింది అంతకి చాలా తర్వాత. క్వీన్స్‌లాండ్‌లో దొరికిన వాటి పాత శిలాజాల వయసు 5.5 కోట్ల ఏళ్లు. బస్సు వచ్చేసరికి మనం స్టాప్‌లో లేం.

సరే, పోలిక. నా ఉద్యోగంలో రెండు ఫైళ్ల మధ్య తేడా చూడాలంటే డిఫ్ అనే పనిముట్టు ఉంది. డిఫ్ దేనికైనా పనిచేస్తుంది. నిఘంటువునీ రైల్వే టైంటేబుల్‌నీ ఇచ్చినా పేజీలకి పేజీలు తేడాలు చూపిస్తుంది, అన్నీ నిజాలే, ఒక్కటీ పనికిరాదు. పనికొచ్చే పోలిక కావాలంటే ముందు గిట్‌లో మెర్జ్-బేస్ అడగాలి. ఈ రెండు కొమ్మలూ ఎక్కడ విడిపోయాయి? ఆఖరిసారి రెండూ ఒకటిగా ఉన్నది ఎప్పుడు? అక్కడి నుంచి ఇది ఏం మార్చుకుంది, అది ఏం మార్చుకుంది? అప్పుడు తేడా అనేది ఒక కథవుతుంది.

స్పాంజికీ కొవాలాకీ మెర్జ్-బేస్ ఉంది. 60 కోట్ల ఏళ్ల వెనక్కి పోవాలి, అంతే. 2010లో గ్రేట్ బారియర్ రీఫ్‌లో దొరికే ఆంఫిమెడాన్ క్వీన్స్‌లాండికా అనే స్పాంజి జన్యుపటం వచ్చింది. కొవాలా, ఈ స్పాంజి ఒకే రాష్ట్రం వాళ్లు, ఒకరు గట్టు మీద, ఒకరు నీళ్లలో. కణాలు ఒకదానికొకటి అతుక్కోడానికి, పెరగడం ఎప్పుడాపాలో తెలుసుకోడానికి, తమవీ పరాయివీ గుర్తుపట్టడానికి కావాల్సిన సరంజామా స్పాంజిలో ముందే ఉంది. ఇంకా విచిత్రం, మన నరాల సంధుల్లో పనిచేసే కొన్ని ప్రోటీన్ల జన్యువులు నరాలే లేని స్పాంజిలో కూడా ఉన్నాయి. సామాను ఒకటే, ఇల్లు వేరు. (జంతువుల చెట్టులో అన్నిటికన్నా ముందు విడిపోయింది స్పాంజి కొమ్మా, కోంబ్ జెల్లీ కొమ్మా అన్న తగవు ఇంకా తెగలేదు. 2023లో 'నేచర్'లో వచ్చిన పరిశోధన కోంబ్ జెల్లీ వైపు మొగ్గింది. స్పాంజి పక్షం వాళ్లు ఊరుకోరు.)

ఈ చెట్టు బొమ్మలో నాకు అన్నిటికన్నా నచ్చేది, అందులో పైమెట్టు లేకపోవడం. స్పాంజి కొవాలాకి తాత కాదు. రెండూ ఈ రోజు బతికున్న రెండు కొనలు, రెండిటి వెనకా సరిగ్గా అంతే కాలం ఉంది. స్పాంజి కొవాలా అవడానికి ప్రయత్నించి సగంలో ఆగిపోయిన జంతువు కాదు.

మన అలంకారశాస్త్రంలో ఇలా ఉండదు. ఉపమకి నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సాధారణ ధర్మం, ఉపమావాచకం. ముఖం చంద్రుడిలా అందంగా ఉంది. ఇందులో చంద్రుడి పరువు ముందే ఖాయమైపోయింది. పరీక్ష ముఖానికి. తిప్పి చంద్రుణ్ని ముఖంతో పోలిస్తే దానికి ప్రతీపం అని వేరే పేరు పెట్టాల్సొచ్చింది, అంటే అది ఎదురు నడక. మన సమీక్షల్లో కొత్త రచయిత ఎప్పుడూ ముఖం, పాత రచయిత ఎప్పుడూ చంద్రుడు. ఈ రోగం కొత్తది కాదు. కృష్ణదేవరాయల్ని ఆంధ్రభోజుడు అన్నాం, కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అన్నాం. ఎవరూ షెల్లీని ఇంగ్లండు కృష్ణశాస్త్రి అనలేదు. సాధారణ ధర్మం ఏమిటని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు. గుండ్రటి మొహం, బొచ్చు, పొట్టి తోక.

మెర్జ్-బేస్ పద్ధతిలో చాసోనీ రావిశాస్త్రినీ చూద్దాం. 1915లో పుట్టిన చాసోది విజయనగరం, 1922లో పుట్టిన రావిశాస్త్రిది విశాఖ. 1993లో ఒకరు, 1994లో ఒకరు పోయారు. ఉత్తరాంధ్ర కథ అనగానే వీళ్లిద్దరినీ, కారాతో కలిపి ఒకే ఊపిరిలో చెప్పేస్తాం, ఒక మందులోని మూడు దినుసుల్లా. ఆ తర్వాత ఎవరు గొప్ప అని వాదించుకుంటాం. మెర్జ్-బేస్ మాత్రం గురజాడే. మనుషులు మాట్లాడుకునే తెలుగు, డబ్బు దగ్గర మనిషి బుద్ధి ఎలా పనిచేస్తుందన్న కుతూహలం, నీతి చెప్పేవాడి మీద అనుమానం. అక్కడి నుంచి ఎవరేం మార్చుకున్నారు?

చాసో కొవాలా దారి. విషపు ఆకు ఒక్కటే తింటాడు, నెమ్మదిగా, చాలాసేపు. 'ఎంపు' తీసుకోండి. ముష్టెత్తుకునే ఒక ముసలివాడు, అతని కూతురు. కూతురికి కుంటివాడి మీద మనసు. తండ్రి గుడ్డివాణ్ని చేసుకోమంటాడు, గుడ్డివాడికి ముష్టి ఎక్కువ పడుతుంది కాబట్టి. ఆ కథంతా ఒక పోలిక. తండ్రి ఇద్దరు పెళ్లికొడుకుల్ని పక్కపక్కన నిలబెట్టి, సంపాదన అనే ఒకే ఒక్క సాధారణ ధర్మంతో కొలుస్తున్నాడు. భయంకరమేంటంటే లెక్క తప్పు కాదు. ఆకలి ఉన్నచోట ఆ కొలత సరైనదే. చాసో ఎక్కడా గొంతు పెంచడు, ఛీ అనడు, అయ్యో అనడు. విషం పాఠకుడికి తగలకుండా తను అరిగించుకున్నాడా, లేక పాఠకుడి కడుపులోకి నేరుగా దింపాడా అన్నది ఎన్నిసార్లు చదివినా నాకు తేలదు. 'వాయులీనం'లోనూ అంతే. భార్య వైద్యం కోసం ఆమె వయొలిన్ అమ్మేయడం అన్న ఒక్క ఆకు మీద కథంతా కూర్చుని ఉంటుంది. జీవితాంతం రాసిన కథలు ఒక్క సంపుటంలో పట్టేస్తాయి. ఖర్చు తక్కువ.

రావిశాస్త్రి దగ్గర కూర్చోవడానికి కొమ్మ దొరకదు, అన్నీ ప్రవాహాలే. 'అల్పజీవి'లో సుబ్బయ్య భయం వాక్యాల్లోంచి కారుతూనే ఉంటుంది. ఒక ఉపమానం మీద ఇంకో ఉపమానం, దాని మీద ఇంకోటి, ఆగితే మునిగిపోతామన్నట్టు. 'పిపీలికం'లో ఒక చీమ తానెవరో తెలుసుకుందామని బయలుదేరుతుంది. మన చర్చకి ఇంతకన్నా దగ్గరి కథ లేదు. నువ్వెవరో మేం చెప్తాం అనేవాళ్లకి లోటు ఉండదు. ఈలోగా పుట్ట చీమలది, కాపురం పాముది. ఆయన ఉపమానాల గురించి నాకొక ఫిర్యాదు ఉంది. కొన్నిసార్లు అవి వడకట్టడం మానేసి నీటిని వేడి చేస్తుంటాయి. నాలుగో పోలిక దగ్గరికి వచ్చేసరికి మనిషి కనపడ్డం మానేసి రచయిత చమత్కారం ఒక్కటే మిగులుతుంది. చాసో మీద ఫిర్యాదు దీనికి తలకిందులు. కొన్ని కథల్లో గాలి ఆడదు.

ఇందులో ఎవరు గొప్ప అన్న ప్రశ్న నాకు అడగబుద్ధి కావడం లేదు. కొవాలా నీళ్లు వడకట్టలేదు, స్పాంజి చెట్టెక్కలేదు.

ఇదంతా నాకు సరదా వాదన కాదు. మేం పదిమందిమి నెలకో ఆదివారం కలిసి కథలు చదువుకుంటాం. హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే కుర్రాడొకడు కిందటేడు ఒక కథ తెచ్చాడు. పదకొండు పేజీలు. తెల్లవారుజాము వేలంపాట. ముఖ్యపాత్ర లేదు, పేర్లు లేవు, గొంతులు ఉన్నాయి. ఒక పడవ సరుకు ఒడ్డుకి వచ్చిన దగ్గర్నుంచి చేతులు మారుతూ పోతుంది. ప్రతి చేయీ కొంచెం తీసుకుంటుంది. డీజిల్ బాకీ, ఐసు బాకీ, పడవ యజమాని వాటా, పాటదారు కమీషను, తట్ట మోసిన కూలి. చివర్న కళాసీ చేతికి ఏం వచ్చిందో ఒక అంకె, అక్కడితో ఆగిపోతుంది.

చదవడం అయ్యాక మాలో పెద్దాయన ఒకరు అన్నారు. "బావుందయ్యా. గానీ రావిశాస్త్రిని చదివావా? ఆ స్థాయి రావాలి." ఇంకొకాయన అందుకున్నారు. "చాసో అయితే దీన్ని నాలుగు పేజీల్లో తేల్చేసేవాడు." కుర్రాడు "సర్లెండి సార్" అన్నాడు. తర్వాత నాలుగు నెలలు రాలేదు. వచ్చాక కూడా కథ తేలేదు, వినడానికి కూర్చుంటున్నాడు.

ఆ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఇంకా ప్రవహించమంటోంది, ఇంకొకటి ప్రవాహం ఆపి ఒక్క ఆకు నమలమంటోంది. రెండూ ఒకే కథకి, ఐదు నిమిషాల తేడాతో. ఇద్దరు చంద్రుల మధ్య నిలబడ్డ ముఖం ఏం చేస్తుంది? దూరంగా ఉన్న మూడో చంద్రుడు కూడా అంత సుఖంగా లేడు. సముద్రం కనపడగానే హెమింగ్వే ముసలివాణ్ని తీసుకొచ్చేవాళ్లున్నారు. ఆ నవల ఒక మనిషి, ఒక పడవ, ఒక చేప. ఫిషింగ్ హార్బర్ నుంచి ట్రాలర్ మీద ఒంటరిగా ఎవరూ వెళ్లరు. అక్కడ అప్పు కూడా ఒంటరిగా ఉండదు.

ఆ కథలో ఒక పేజీ నన్ను వదల్లేదు. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో పడవలు తగలబడ్డాయి. వేటకి సిద్ధంగా ఉన్న పడవల్లో డీజిలు, గ్యాసు సిలిండర్లు ఉన్నాయి, మంట ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంది. ఆ మర్నాడు నేను విన్న వర్ణనల్లో సగం సినిమాలో చూసినట్టు ఉందనేవే, మిగతా సగం దీపావళిలా ఉందనేవి. ఇతని కథలో ఆ రాత్రి జ్ఞాపకం ఒకటి వేలం మధ్యలో వస్తుంది. ఒక్క పోలిక లేదు. ఏ పడవ ముందు అంటుకుంది, తర్వాత ఏది, దాని మీద అప్పు ఎంత, తర్వాత ఏది, దాని మీద అప్పు ఎంత. అలంకారశాస్త్రంలో అనన్వయం అని ఒకటుంది, వస్తువుని ఆ వస్తువుతోనే పోల్చడం. ఆకాశం ఆకాశంలాగే ఉంది అనడం. అది గొప్పతనం చెప్పడానికి వాడే అలంకారమనే ఇన్నాళ్లూ చదువుకున్నాను. పోల్చడానికి మనసొప్పని చోట కూడా అది పుడుతుందని ఈ పేజీలో చూశాను. ఉపమానాల రావిశాస్త్రి స్థాయి లేదు అన్న మాట ఈ పేజీకి ఎలా అతుకుతుంది? ఆయన ఎంచుకున్న దారిని ఇతను కావాలనే వదిలేశాడు.

ఇలాంటి కథని ఎలా చదవాలో స్పాంజే చెప్తుంది. లోపలికి వచ్చే దారులున్నాయా? ఉన్నాయి, ప్రతి గొంతూ ఒక చిల్లు. నీరు కదులుతోందా? ఆరు పేజీలు బ్రహ్మాండంగా కదులుతుంది. ఏం ఆగుతోంది? డబ్బు, కొంచెం కొంచెంగా, ఎక్కడ ఆగకూడదో అక్కడ. బయటికి పోయే పెద్ద చిల్లు ఉందా? చివరి అంకె. ఏడో పేజీలో మాత్రం దారి మూసుకుపోయింది. అక్కడ హఠాత్తుగా రచయిత గొంతు దిగి, దళారీ వ్యవస్థ గురించి ఒక పేరా చెప్తుంది. అప్పటిదాకా గొంతులే చెప్పిన విషయాన్ని మళ్లీ చెప్తుంది. ఎవరో నువ్వు ఏదో చెప్పాలి కదా అన్నట్టున్నారు, అందుకే చెప్పాడు. ఇక్కడ చాసోని తీసుకురావడానికి నాకు అభ్యంతరం లేదు. చంద్రుడిగా వద్దు, పక్క కొమ్మ మీది చుట్టంగా రమ్మంటాను. 'ఎంపు'లో ముసలివాడు అల్లుళ్ల లెక్క కడుతున్నప్పుడు చాసో ఎంత నోరు మూసుకుని కూర్చున్నాడో, వేలంలో ఐసు బాకీ కోత పడుతున్నప్పుడు ఇతనూ అంత నోరు మూసుకోవచ్చు. రెండు కథల్లోనూ కూడికలు తీసివేతలే మనుషుల్ని కోస్తున్నాయి. ఇక్కడ సాధారణ ధర్మం ఉంది, వేలు పెట్టి చూపించొచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, 61 రోజులు తూర్పు తీరమంతా వేట నిషేధం. పడవలన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి, వలలు బాగుచేసుకుంటున్నారు, ఐస్ ఫ్యాక్టరీలో పని పలచబడింది. జూన్ 15 తర్వాత అతనికి ఊపిరి సలపదు, కాబట్టి ఈలోపే మేం కలవాలి. 'ఎంపు' ఒకటి, అతని వేలంపాట ఒకటి, రెండూ పదేసి కాపీలు జిరాక్స్ తీయించాను. అతనిది పోయినసారి నా దగ్గర మిగిలిన ప్రతి నుంచి తీయించాను, ఇంకా అతనికి చెప్పలేదు. చెప్తే వద్దంటాడేమోనని కాదు, ఏడో పేజీ గురించి ముందు ఫోన్‌లో మొదలయ్యే గొడవ ఆదివారం దాకా సాగుతుందని.